కమిషన్ అడగదు, కుర్చీ అడుగుతుంది

తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో 'బీమా చేయించుకున్నాను' అనేవారు తక్కువ. 'ఎల్ఐసీ కట్టాను' అంటారు. పాలసీ ఏ కంపెనీదైనా నోటికొచ్చే మాట అదే. రేపల్లెలోనైనా బాపట్లలోనైనా 'ఎల్ఐసీ ఏజెంటుగారి ఇల్లు' ఎక్కడంటే కిళ్లీ కొట్టు దగ్గరే దారి చెప్పేస్తారు. ఆ ఏజెంటు టెన్త్‌తో ఆగినవారో, ఎమ్మే చదివినవారో దారి అడిగినవారికి అక్కర్లేదు. కానీ ఇంటర్ అయిపోయి, బీమాలోకి వెళ్దామా అని ఆలోచిస్తున్న పిల్లలకూ వాళ్ల అమ్మానాన్నలకూ అది తప్పకుండా కావలసిన సంగతి. ఈ రంగంలో డిగ్రీ ఎంతవరకు అక్కరకొస్తుంది?

ఒకే జవాబుతో తేలే ప్రశ్న కాదిది. బీమాలో డబ్బు రెండు దారుల్లో చేతికొస్తుంది. ఏజెంటుకు కమిషన్, ఆఫీసులో కూర్చునేవారికి జీతం. దేని లెక్క దానిదే.

ముందు ఏజెంటు సంగతి. పద్దెనిమిదేళ్లు నిండి, పదో తరగతి పాసైతే ఏజెన్సీ తీసుకోవచ్చు. 2000 నాటి నిబంధనల్లో అయిదు వేలకు పైగా జనాభా ఉన్న ఊళ్లకు ఇంటర్ అడిగేవారు. ఇప్పుడు ఊరేదైనా టెన్త్ చాలు. కొద్ది గంటల శిక్షణ, ఆపైన ఐసీ-38 పరీక్ష. 50 ప్రశ్నలు, గంట సమయం, 35 శాతం మార్కులొస్తే పాస్. తెలుగులోనే రాయొచ్చు. ఆ మెట్టు దాటాక బీకామ్ ఏజెంటుకూ టెన్త్ ఏజెంటుకూ కమిషన్ రేటులో నయాపైసా తేడా ఉండదు.

ఎండోమెంట్ లాంటి దీర్ఘకాల పాలసీలకు ఎల్ఐసీలో ఏళ్ల తరబడి నడిచిన పద్ధతి ఇది. మొదటి ఏడాది ప్రీమియంలో 25 శాతం, దానిమీద బోనస్ కమిషన్. రెండు, మూడు ఏళ్లలో ఏడున్నర శాతం. నాలుగో ఏడు నుంచి 5 శాతం. కొల్లూరులో ఒక రైతు ఏడాదికి 24,000 రూపాయల ప్రీమియం కట్టాడనుకుందాం. బోనస్ పక్కన పెట్టినా ఏజెంటుకు మొదటి ఏడాది 6,000, తరువాతి రెండేళ్లు 1,800 చొప్పున, ఆపైన ఏటా 1,200 వచ్చేవి. 2024 అక్టోబరులో, పాలసీని మధ్యలో వదులుకునే సరెండర్ నిబంధనలు మారాక మొదటి ఏడాది వాటాను తగ్గించి, తరువాతి ఏళ్ల వాటాను పెంచారు. పాలసీ కట్టించి మళ్లీ కనపడనివారికంటే, ఏటా గుర్తుచేసి ల్యాప్స్ కాకుండా కాచుకునేవారికే ఇది మేలు చేసే మార్పు.

ఆ కాచుకోవడం ఏ కాలేజీలోనూ నేర్పరు. ధాన్యం అమ్మిన డబ్బు ఇంటికి ఎప్పుడొస్తుందో, మినుము ఎప్పుడు కల్లానికి చేరుతుందో ఏజెంటుకు తెలియాలి. నిజాంపట్నం రేవులో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలు ఒడ్డునే ఉంటాయి, వేట నిషేధం. అలాంటి ఇంటికి మే నెలలో ప్రీమియం పడేలా పాలసీ రాయించడమంటే దాన్ని ల్యాప్స్ చేతుల్లో పెట్టడమే. ఏడాది ప్రీమియానికి నెల రోజుల గ్రేస్ ఉన్నా వారికి అది చాలదు. ప్రపోజల్ ఫారంలో షుగరు, బీపీ దాచకుండా రాయించడమూ ఇలాంటిదే. పాలసీ తీసుకున్న మూడేళ్లలోపు మనిషి పోతే కంపెనీ తిరగేసేది ఆ ఫారాన్నే. అక్కడ దాచిన మాట ఆ తరువాత ఆ ఇంటి ఆడమనిషి మెడకు చుట్టుకుంటుంది. మంచి ఏజెంటుకు పేరొచ్చేదీ, చెడ్డ ఏజెంటు ఊళ్లో తలెత్తుకోలేనిదీ ఇక్కడే.

1927లో అమెరికాలో మొదలైన బీమా ఏజెంట్ల సంఘం మిలియన్ డాలర్ రౌండ్ టేబుల్ కూడా చేసిన బిజినెస్ చూసి సభ్యత్వం ఇస్తుంది తప్ప, చదివిన చదువు చూసి కాదు. కష్టపడి ఆ స్థాయికి చేరిన ఏజెంటు ఆదాయం ఆఫీసరు జీతాన్ని దాటినా ఆశ్చర్యం లేదు.

అయితే అది నెలనెలా వచ్చే జీతం కాదు. జబ్బుపడి నాలుగు నెలలు తిరగలేకపోతే కొత్త కమిషన్ ఆగిపోతుంది. ఏజెంట్ల గ్రాట్యుటీ పరిమితిని మూడు లక్షల నుంచి అయిదు లక్షలకు పెంచినది కూడా 2023లోనే.

ఇక కుర్చీ సంగతి. ఈ ప్రాంతానికి బీమా ఆఫీసు కొత్త కాదు. డాక్టరు చదువు చదివిన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1925లోనే మచిలీపట్నంలో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. 1956 సెప్టెంబరు 1న 245 సంస్థలను కలిపి ఎల్ఐసీని ఏర్పాటు చేశారు. నేడు అక్కడ ఆఫీసరుగా అడుగుపెట్టే మొదటి మెట్టు అసిస్టెంట్ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్, అందరూ ఏఏఓ అంటారు. 2025 నోటిఫికేషన్‌లో ఈ ఉద్యోగానికి మూల వేతనం నెలకు 88,635 రూపాయలు. జనరలిస్టు పోస్టులకు ఏదైనా డిగ్రీ చాలు, వయసు 21 నుంచి 30. డిగ్రీ లేనివారు దరఖాస్తే పెట్టలేరు. సంస్థ చైర్మన్లుగా పనిచేసిన ఎం.ఆర్. కుమార్, సిద్ధార్థ మహంతి ఇద్దరూ ఇలా నేరుగా ఆఫీసర్లుగా చేరి పైకెళ్లినవారే. ప్రభుత్వ జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీల ఆఫీసరు పోస్టులకైతే డిగ్రీలో 60 శాతం మార్కులు కూడా ఉండాలి.

ఏజెంటుకూ ఆఫీసుకూ మధ్య వంతెన లాంటిది డెవలప్‌మెంట్ ఆఫీసర్ ఉద్యోగం. జనం 'డీఓగారు' అని పిలిచేది వీరినే. ఏజెంట్లను చేర్చుకుని, వారితో పనిచేయించడం వీరి బాధ్యత. 2023లో దేశమంతటా 9,394 అప్రెంటిస్ డెవలప్‌మెంట్ ఆఫీసర్ పోస్టులు పడ్డాయి. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య జోన్‌కు వచ్చినవి 1,408. ఉద్యోగంలో కుదురుకున్నాక మూల వేతనం అప్పట్లో 35,650. బయటివారికి వయసు 30 దాటకూడదు. ఏజెంట్ల కోటాలో మాత్రం 40 వరకు వెసులుబాటు ఉంది. ఎన్నో ఏళ్లు బాగా బిజినెస్ చేసిన ఏజెంటు కూడా ఇక్కడ ఆగిపోయేది ఒక్క డిగ్రీ దగ్గరే.

దీనికో పక్కదారి ఉంది, చాలామందికి తెలియదు. 2023 నాటి డెవలప్‌మెంట్ ఆఫీసర్ నోటిఫికేషన్ డిగ్రీ గానీ, ముంబైలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా ఫెలోషిప్ గానీ ఉండాలంది. 1955లో పుట్టిన ఈ సంస్థ లైసెన్షియేట్, అసోసియేట్, ఫెలోషిప్ అని మెట్లుమెట్లుగా పరీక్షలు పెడుతుంది. పని చేసుకుంటూనే రాయొచ్చు. బీమా పని నేర్పే చదువు కాబట్టి, మామూలు డిగ్రీ కంటే ఇదే ఎక్కువ విలువైనదని చెప్పాలి.

కొన్ని పనుల్లో మాత్రం ఏ డిగ్రీ అన్నది కూడా ముఖ్యం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకుంది. అలాంటి వేళ నష్టం విలువ కట్టేవారు సర్వేయర్లు. ఆ లైసెన్సుకు ఇంజినీరింగ్, అకౌంటెన్సీ, వ్యవసాయం లాంటి చదువులు కావాలి, దానిపైన ఏడాది శిక్షణ, పరీక్ష. బాపట్లలో 1945 నుంచీ వ్యవసాయ కళాశాల ఉంది, ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. ఆ పిల్లలకు ఈ వృత్తి గురించి చెప్పేవారే తక్కువ. ప్రీమియం లెక్కలు కట్టే యాక్చువరీల దారి ఇంకొకటి. దాని ప్రవేశ పరీక్షకు ఇంటర్ చాలు. ఆ తరువాత రాయాల్సిన పరీక్షలు ఏ డిగ్రీ కంటేనూ కఠినం.

2024 డిసెంబరు 9న పానిపట్‌లో ప్రధాని ప్రారంభించిన బీమా సఖి పథకంలో ఈ రెండు దారులూ ఒకచోట కలిశాయి. పదో తరగతి పాసైన, 18 నుంచి 70 ఏళ్ల మహిళలు చేరవచ్చు. కమిషన్ కాక, మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000 రూపాయల స్టైపెండు. రెండో ఏడాది ఆ డబ్బు రావాలంటే, మొదటి ఏడాది చేయించిన పాలసీల్లో 65 శాతం నడుస్తూ ఉండాలి. డిగ్రీ ఉన్న బీమా సఖులను డెవలప్‌మెంట్ ఆఫీసర్ ఉద్యోగాలకు పరిశీలిస్తామని ప్రభుత్వం అప్పుడే ప్రకటించింది. చేరడానికి టెన్త్ చాలన్న పథకమే పైకెళ్లడానికి డిగ్రీ అడుగుతోంది.

స్టైపెండు వచ్చేది మూడేళ్లు. డిగ్రీకి పట్టేదీ మూడేళ్లే. ఇంటర్ పాసై ఏజెన్సీ తీసుకుంటున్న చెల్లెళ్లు అదే ఏడాది దూరవిద్యలో డిగ్రీకి కూడా ఫీజు కట్టండి. టెన్త్‌తో ఆగినవారు ఓపెన్ స్కూల్లో ఇంటర్ మొదలుపెట్టండి. ఏజెంట్ల కోటాకు వయసు హద్దు 40 అన్నది గుర్తుంచుకుని, ఇవాళే లెక్క వేసుకోండి.