బోనస్ సొమ్ముతో ఇంటి వెండితెర: పెట్టె మీది అంకెలతోనే చిక్కు

ఖరగ్‌పూర్: ప్రొజెక్టర్లపై వస్తు, సేవల పన్ను 2025 సెప్టెంబర్ 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. మరో రెండు రోజులకే రైల్వే నాన్ గెజిటెడ్ ఉద్యోగులకు 78 రోజుల వేతనానికి సమానమైన బోనస్‌ను కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఒక్కో ఉద్యోగికి లభించే గరిష్ఠ మొత్తం 17,951 రూపాయలు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి వర్క్‌షాపును నమ్ముకుని తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఈ పట్టణంలో దసరా కొనుగోళ్లకు బోనస్ పెద్ద ఆసరా. ఆ సొమ్ముతో హోమ్ థియేటర్ ఏర్పాటు చేసుకోవడం సాధ్యమేనా?

సాధ్యమే. పదివేల రూపాయల సరుకుపై పన్ను 2,800 నుంచి 1,800కు దిగింది. కాగా, ఆ మిగిలిన వెయ్యికి ఎన్నో రెట్లు నష్టపోయే అవకాశం పెట్టెపై ముద్రించిన అంకెల్లోనే ఉన్నది.

వాటిలో మొదటిది వెలుగు. చౌక ప్రొజెక్టర్ల పెట్టెలపై తొమ్మిది వేలు, పన్నెండు వేలు ల్యూమెన్లని కనిపించడం పరిపాటి. ఏ పద్ధతిలో కొలిచారో చెప్పని ఈ అంకెలకు విలువ లేదు. ఏఎన్ఎస్ఐ ల్యూమెన్లు లేదా ఐఎస్ఓ 21118 ప్రమాణం పేర్కొంటేనే పోల్చి చూడడానికి వీలవుతుంది. నిజానికి కావలసిన వెలుగు అంత ఎక్కువేమీ కాదు. డిజిటల్ సినిమా హాళ్లలో తెరపై చదరపు మీటరుకు 48 కాండెలాల వెలుగు ప్రమాణం. పూర్తిగా చీకటి చేసిన గదిలో, వంద అంగుళాల మామూలు తెల్ల తెరపై ఆ స్థాయికి 420 ల్యూమెన్లు చాలు. వాడకంతో వెలుగు తగ్గుతుంది గనుక 700 వరకు ఉంటే మేలు. అయితే ప్రొజెక్టర్ నలుపును పుట్టించలేదు. తెర మీద నలుపంటే గదిలోని చీకటే. పగటిపూట కిటికీలు తెరచి క్రికెట్ చూసే ఇంటికి అదే సొమ్ముతో టీవీ కొనడమే సబబు.

రెండో చిక్కు స్పష్టత. ‘1080పీ సపోర్ట్’ అన్న మాటకు ఆ సంకేతాన్ని యంత్రం స్వీకరిస్తుందని మాత్రమే అర్థం. చూడవలసినది నేటివ్ రిజల్యూషన్. 1920×1080 అయితే బొమ్మలో సుమారు 20.7 లక్షల చుక్కలు ఉంటాయి. 854×480 అయితే నాలుగు లక్షల పైచిలుకే. వంద అంగుళాల తెరపై రెండో రకంలో ఒక్కో చుక్క రెండున్నర మిల్లీమీటర్లు దాటుతుంది. తెలుగు సినిమాను పొరుగింటి బెంగాలీలతో కలసి చూసేవారికి సబ్‌టైటిళ్లు గరుకుగా కనిపించడం ఖాయం.

ఇక గది కొలత. క్వార్టర్లలో ఉండేవారు ముందుగా టేపు పట్టవలసినది ఇక్కడే. వంద అంగుళాల బొమ్మ వెడల్పు దాదాపు ఏడు అడుగుల మూడు అంగుళాలు. దీన్ని త్రో రేషియోతో హెచ్చిస్తే యంత్రానికి, గోడకు మధ్య ఉండవలసిన దూరం తేలుతుంది. 1.2 అయితే ఎనిమిది అడుగుల తొమ్మిది అంగుళాలు, 1.5 అయితే పదకొండు అడుగులకు కాస్త తక్కువ. పదడుగుల గదిలో రెండోది పనికిరాదు. పక్కనుంచి వేసి కీస్టోన్‌తో సరిచేయవచ్చని వ్యాపారులు నచ్చజెప్పవచ్చు గానీ, అలా చేస్తే చుక్కలు, వెలుగు రెండూ వృథా అవుతాయి.

అధికారిక ధ్రువీకరణ లేని యంత్రాల్లో కొన్ని ఓటీటీ యాప్‌లు తెరుచుకోవు, తెరుచుకున్నా బొమ్మ నాణ్యత తగ్గుతుంది. విడిగా స్టిక్ కొనే ఖర్చును, చిన్న స్పీకర్ల ఖర్చును ముందే లెక్కవేసుకోవాలి. గోల్‌బజార్‌లో కొన్నా, కోల్‌కతా చాందినీ చౌక్ వరకు వెళ్లినా దుకాణంలో దీపాలు ఆర్పించి, తెలిసిన సినిమా ఒకటి పది నిమిషాలు నడిపించి, ఫ్యాను రొద ఎంతో వినడం అవసరం. నేటివ్ రిజల్యూషన్‌ను బిల్లుపై రాయించుకుంటే తరువాత పేచీ వచ్చినప్పుడు అక్కరకు వస్తుంది.