గిద్దెడు నీడ... తూమెడు ఎండ

గండికోటలో తెల్లవారుజామున కొండ అంచున కూర్చుంటే మొదట కనబడేది సూర్యుడు కాదు, నీడ. అదీ తూర్పున కాదు, పడమట. దిగంతాన్ని ఆనుకుని బూడిద కలిసిన నీలంలో ఒక పట్టీ, దాని మీద పలచగా గులాబీ అంచు. మబ్బేమో అనుకుని చాలామంది అటు చూడను కూడా చూడరు. అది భూమి నీడ. మనం కూర్చున్న ఈ నేలే తన వెనక గాలి మీద పరిచిన నీడ. తూర్పు తెల్లబడే కొద్దీ ఆ పట్టీ కిందికి జారుతుంది. పొద్దు పొడిచేసరికి కొండల వెనక ఇంకిపోతుంది. రాత్రి అని మనం పిలిచేది ఆ నీడలో గడిపే కాలాన్నే.

కాసేపటికి ఎర్రమల కొండల మీద తొలి ఎండ పడుతుంది. అవతలి గట్టున పైవరస బండలు నిప్పుల్లా ఎర్రబడతాయి. వాటి కింద, దాదాపు 300 అడుగుల లోతున, పెన్న ఇంకా నిద్ర లేవదు. ఎవరో పెద్ద చేత్తో పేర్చిపెట్టినట్టు పలకలు పలకలుగా నిలిచిన రాతిగోడలు, వాటి అడుగున చీకటి, ఆ చీకట్లో పచ్చగా నిలిచిన నీళ్లు. నది కొండను కోసి గండి కొట్టింది కాబట్టే ఇది గండికోట అయింది.

కంటికి అన్నీ కనబడుతున్నాయి. ఎర్రబండలు, పైన లేత బంగారు మబ్బు, లోతున నీటి మీద గాలి గీసే గీత. ఆ సంబరంలో కెమెరా ఎత్తి నొక్కుతాం. తెర మీద చూసుకుంటే ఆకాశం బాగానే ఉంది, లోయ మాత్రం బొగ్గు. సరే, లోయను చూసి కొలత పెట్టి మళ్లీ నొక్కుతాం. ఈసారి లోయ వచ్చింది, ఆకాశం సున్నం కొట్టిన గోడ. ఫొటో స్టూడియోల భాషలో చెప్పాలంటే ఒకటి అండరైంది, ఇంకొకటి ఓవరైంది. కన్ను చూసింది కెమెరాకు ఎందుకు అందలేదు?

వెలుగును కొలిచే సోలలు

గండికోటలో జుమ్మా మసీదు పక్కనే ఒక ధాన్యాగారం ఉంది. కమానులా వంగిన పైకప్పుతో, మందమైన గోడలతో ఉన్న పెద్ద రాతికట్టడం. ముట్టడి వస్తే కోటలోవాళ్ల కడుపులకు అదే దిక్కు. ఆ తలుపు దగ్గర నిలబడినప్పుడు మన పాత కొలతలు గుర్తొస్తాయి. నాలుగు గిద్దలు ఒక సోల. నాలుగు సోలలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచం. నాలుగు కుంచాలు ఒక తూము. ఈ నాలుగేసి మెట్ల నడుమ అరసోల, తవ్వ, అడ్డ, ఇరస అని సగం మెట్లు కూడా ఉన్నాయి. అంటే గిద్ద నుంచి తూము దాకా ఒక్కో పాత్ర కిందిదానికి సరిగ్గా రెట్టింపు.

కెమెరా కూడా వెలుగును ఇలాగే కొలుస్తుంది. ఫొటోగ్రాఫర్లు ‘ఒక స్టాప్’ అంటే వెలుగు రెట్టింపైందనో సగమైందనో అర్థం. రెండు స్టాపులు నాలుగింతలు, పది స్టాపులు 1,024 రెట్లు. ఒకే దృశ్యంలో అతి చీకటి చోటుకూ అతి వెలుగు చోటుకూ మధ్య ఉన్న ఈ దూరాన్నే డైనమిక్ రేంజ్ అంటారు. ఒక్క దృశ్యాన్ని దాటి చూస్తే ప్రకృతి దగ్గర ఈ దూరానికి కొదవ లేదు. వెలుగు కొలత అయిన లక్సుల్లో చెబితే మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష. నిండు పున్నమి వెన్నెల ఒక్క లక్సు కూడా ఉండదు, అందులో పావు వంతు. రెంటి మధ్య నాలుగు లక్షల రెట్లు. పద్దెనిమిది రెట్టింపులు దాటిన దూరమది.

ఈనాటి మంచి కెమెరా ఒక్క నొక్కులో పట్టగలిగేది పన్నెండు నుంచి పద్నాలుగు స్టాపులు. పద్నాలుగంటే 16,384 రెట్లు. గిద్దల్లో లెక్కేస్తే 64 తూములు, తూము కన్నా పెద్దదైన పుట్టి లెక్కన మూడు పుట్లకు పైనే. కానీ ఆ బొమ్మను కాగితం మీద అచ్చు వేస్తే తెలుపుకూ నలుపుకూ మధ్య తేడా వంద రెట్ల చుట్టుపక్కలే ఉంటుంది. పత్రికల కాగితం మీద ఇంకా తక్కువ. మూడు పుట్ల పంటను కుంచంలోనో తూములోనో సర్దాలన్నమాట. ఒక్క గింజ కింద పడకుండా సర్దడం ఎవరివల్లా కాదు. ఏ గింజ ఉంచాలి, ఏది వదలాలి అన్నదే పనితనం.

కన్ను చేసే గారడీ

మరి కన్నుకు ఎలా చేతనైంది? కన్ను ఒక్కసారిగా చూడదు. మబ్బు మీదికి చూపు పోగానే కనుపాప ముడుచుకుంటుంది. లోయలోకి దిగగానే విచ్చుకుంటుంది. రెండు మిల్లీమీటర్ల నుంచి ఎనిమిది దాకా విప్పారినా లోపలికి వచ్చే వెలుగు పెరిగేది పదహారు రెట్లే. మిగిలిన పనంతా వెనకున్న రెటీనాది. వెలుగు ఎక్కువైతే తన చురుకును తగ్గించుకుంటుంది, తగ్గితే పెంచుకుంటుంది. ఎండలోంచి సినిమాహాల్లోకి వెళ్లినవాళ్లకు ఇది అనుభవమే. ముందు కుర్చీలే కనబడవు, తర్వాత మనుషులు, ఆ తర్వాత ముఖాలు తేలతాయి. చిమ్మచీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట దాకా పడుతుంది.

మబ్బును చూసిన కన్నూ లోయను చూసిన కన్నూ ఒక్కటే, చూసిన క్షణాలే వేరు. ఆ క్షణాల ముక్కల్ని మెదడు కుట్టు కనబడకుండా కుట్టి ‘ఇదిగో గండికోట’ అని మనకు అప్పగిస్తుంది. కెమెరాకు ఉన్నది ఒకే క్షణం. దానికీ నాలుగైదు క్షణాలిచ్చి, వాటిని కలిపి కుట్టుకోనివ్వడమే హై డైనమిక్ రేంజ్, అందరూ పిలిచే హెచ్‌డీఆర్.

రెండు పలకలు, ఒక సముద్రం

ఇది కంప్యూటర్లతో పుట్టిన ఆలోచన కాదు. 1850ల్లో ఫ్రాన్సులో ఫొటోగ్రాఫర్ గుస్తావ్ లెగ్రే సముద్రాన్ని ఫొటో తీయబోయి ఇదే చిక్కులో పడ్డాడు. అప్పటి గాజుపలకలు నీలం వెలుగుకే ఎక్కువగా స్పందించేవి. అలలు పడేలోగా ఆకాశం తెల్లబడిపోయేది. ఆయన ఒక పలక మీద ఆకాశాన్ని, ఇంకో పలక మీద నీటిని తీశాడు. రెంటినీ దిగంతపు గీత దగ్గర కలిపి ఒకే కాగితం మీద అచ్చు వేశాడు. కెరటం ఒక క్షణానిది, మబ్బు ఇంకో క్షణానిది. చూసినవాళ్లకు మాత్రం ఒకే సముద్రం.

అలాంటి పలకల కాలంలోనే మన హైదరాబాదు ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ పనిచేశాడు. ఆరో నిజాం నుంచి ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు అందుకున్న ఆయన అంతకు ముందే, 1882లో, బ్రిటిష్ అధికారి సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట తిరిగి మధ్య భారతంలోని కట్టడాలను చిత్రించాడు. బరువైన పెట్టె, పగిలే పలకలు. నీడ ఎప్పుడు ఎటు వాలుతుందో కనిపెట్టుకుని ఉండటం తప్ప దారి లేని రోజులవి. సాంకేతికత లేని లోటును ఓపికతో పూడ్చుకున్న తరం అది.

ఇరవయ్యో శతాబ్దం నడుమ అమెరికాలో చార్లెస్ వైకాఫ్ అణు విస్ఫోటాలను చిత్రించేందుకు మూడు పొరల ఫిల్ము తయారు చేశాడు. ఒక్కో పొరది ఒక్కో చురుకు. సూర్యుణ్ని తలదన్నే అగ్నిగోళం ఒక పొరకు చిక్కితే, చుట్టూ ఉన్న మసక ఇంకో పొరకు చిక్కింది. 1997లో పరిశోధకులు పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ మామూలు కెమెరాతో వేర్వేరు వ్యవధుల్లో తీసిన బొమ్మల నుంచి దృశ్యంలోని అసలు వెలుగును లెక్కగట్టే పద్ధతి చూపారు. ఈ రోజు అది అందరి జేబుల్లో ఉంది. ఫోనులో ఒక్కసారి నొక్కితే చాలు, చడీచప్పుడు లేకుండా చాలా బొమ్మలు తీసి కలిపేస్తుంది.

అయిదు పాత్రల్లో ఒక ఉదయం

చేత్తో చేసుకునేవాళ్లకు దీని పద్ధతి వంటలా ఉంటుంది. కెమెరా కదలకుండా ట్రైపాడ్ మీద నిలపాలి. చురుకు కొలత ఐఎస్‌వో 100. వెలుగు దూరే రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ను, ఎఫ్ 8 దగ్గర ఉంచి, ఇక దాన్ని ముట్టకూడదు. అది మారితే స్పష్టత ఎంత దూరం పరుచుకుంటుందో కూడా మారి బొమ్మలు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోవు. ఫోకస్ చేశాక ఆటోను ఆపేయాలి. రంగుల కొలత అయిన వైట్ బ్యాలెన్స్‌ను కూడా కట్టేయాలి. మారాల్సింది షట్టర్ తెరిచి ఉండే వ్యవధి ఒక్కటే.

గండికోట అంచున నేను తీసినవి అయిదు. సెకనులో వెయ్యో వంతు, 250వ వంతు, 60వ వంతు, 15వ వంతు, 4వ వంతు. ఒక్కోటి ముందుదానికి నాలుగింతలు. గిద్ద, సోల, మానిక, కుంచం, తూము! గిద్దెడు వెలుగుతో తీసినదాంట్లో పొద్దు చుట్టూ ఉన్న మబ్బు పొరలు పొరలుగా దొరికింది, తక్కిందంతా నలుపు. మానికెడుతో తీసినదాంట్లో ఎర్రబండల బీటలు. తూమెడుతో తీసినదాంట్లో ఆకాశం మాయం. కానీ లోయ అడుగున నీటి వార నిలిచిన తుప్పల ఆకులు కూడా లెక్కపెట్టవచ్చు.

కలపడం కంప్యూటర్ పని. ఒక్కో చోటుకు ఏ బొమ్మలో నమ్మదగిన వెలుగు ఉందో చూసి అది ఒక పెద్ద పద్దు రాస్తుంది. ఆ పద్దును తెర చూపలేదు కాబట్టి దాన్ని తగ్గించి రాయాలి. దాని పేరు టోన్ మ్యాపింగ్. పెద్ద తేడాలను తగ్గిస్తూ పక్కపక్కనున్న చిన్న తేడాలను కాపాడటం అందులోని కిటుకు. కొండకూ ఆకాశానికీ మధ్య దూరం తగ్గుతుంది, బండ మీది గీత మాత్రం పోదు.

గాలి ఈ లెక్కలకు లొంగదు. మొదటి బొమ్మకూ అయిదో బొమ్మకూ మధ్య ఆకు కదులుతుంది, పక్షి ఎగురుతుంది, నీరు వణుకుతుంది. కలిపాక ఒకే కొమ్మకు రెండు మూడు నీడలు మొలుస్తాయి. వాటికి ఫొటోగ్రాఫర్లు పెట్టిన పేరు గోస్టింగ్, దెయ్యం పట్టడం. కట్టడాలతో ఈ బాధ తక్కువ. ఎనిమిది వందల ఏళ్లుగా కదలని రాయి అయిదు నొక్కుల కోసం కదలదు కదా.

రామప్ప చూరు కింద

ఆ ఎనిమిది వందల ఏళ్ల రాయి ములుగు జిల్లా పాలంపేటలో ఉంది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిలిపిన రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది. వెలుగును పట్టాలనుకునేవాడికి ఇంతకు మించిన బడి లేదు, ఇంతకు మించిన పరీక్షా లేదు. గుడి ఒళ్లు ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద వాలి నిలిచిన మదనికలనే స్త్రీ శిల్పాలు అద్దంలా నునుపుదేలిన నల్లరాయి. వాళ్ల వెనక తెల్లటి ఆకాశం. నల్లరాయి, అది నిలిచింది నీడలో, వెనక నుంచి వెలుగు. మూడు చిక్కులూ ఒక్కచోటే.

ఒక్క బొమ్మ తీస్తే మదనిక కాగితంతో కత్తిరించిన నల్లబొమ్మ అవుతుంది. వరసగా తీసి కలిపితే నీడ మెల్లగా విచ్చుకుంటుంది. మెడలో హారం, హారానికీ ఒంటికీ మధ్య శిల్పి వదిలిన సన్నటి ఖాళీ, ఎత్తు మడమల పాదరక్షలు వేసుకుని నిలబడిన ఒకామె కాలివేళ్లు. పురావస్తు శాఖ కాపాడే ఇలాంటి చోట్ల ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి కావాలి. లేనప్పుడు మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి, వెలుగు కొలత మార్చుకుంటూ కెమెరాయే వరసగా తీసే బ్రాకెటింగ్‌తో గబగబా మూడు బొమ్మలు తీసుకోవడమే.

అక్కడ ఒక సంగతి తెలిసింది. మదనికను పూర్తిగా వెలిగిస్తే ఆమె అందం తగ్గుతోంది. నడుము దగ్గర నీడ పోతే ఆ వంపు పోతోంది. శిల్పి ఉలితో చెక్కింది రాయినే అయినా అతను లెక్కేసుకున్నది నీడను. చూరు ఎంత ముందుకు రావాలి, బొమ్మ ఎంత వాలాలి, ఎండ ఎక్కడ ఆగాలి అన్నవన్నీ ఆ లెక్కలోవే. నీడను చెరిపేస్తే అతని పనిలో సగం చెరిపేసినట్టే.

గండిలో లైట్లు

ఈ తెలివి నాకు ముందే ఉంటే గండికోటలో అంత నవ్వులపాలయ్యేవాణ్ని కాదు. ఆ ఉదయం తీసిన అయిదు బొమ్మలను అక్కడే ల్యాప్‌టాప్‌లో కలిపాను. మీటలన్నీ చివరిదాకా తోశాను. లోయ అడుగున ప్రతి రాయీ మెరిసింది. ఆకాశం నెమలికంఠం రంగుకు తిరిగింది. కోటగోడ చుట్టూ సన్నటి వెలుగుచార కూడా వచ్చింది. అది వర్ణశోభ అనుకున్నానే గానీ, హేలో అనే లోపమని అప్పటికి తెలియదు. మేకలను తోలుకుపోతున్న పెద్దాయన ఒకరు ఆగి, కట్టె మీద చేతులు పెట్టుకుని తెరలోకి తొంగిచూశాడు.

“ఏంది సార్ ఇది, గండి లోపల లైట్లు ఏసినారా?” అన్నాడు.

లేదు పెద్దాయనా, ఇది పొద్దున్నే తీసిన ఫొటో అన్నాను.

“పొద్దున పూట గండిలో ఎండ యాడిది సార్? పొద్దెక్కినాక గదా దిగేది” అని మేకల వెంట వెళ్లిపోయాడు.

రోజూ ఆ అంచున తిరిగే మనిషి. ఆయనకు ఆ లోయ గడియారం. ఎండ ఏ బండ మీదికి దిగితే ఎంత పొద్దయిందో చూసి చెప్పగలడు. నా బొమ్మలో ముళ్లు పీకేసిన గడియారం ఉంది. అన్నీ కనబడుతున్నాయి, వేళ ఒక్కటే కనబడటం లేదు.

రామప్ప నుంచి వచ్చాక ఆ అయిదు ఫైళ్లను మళ్లీ తెరిచాను. మబ్బుకు గిద్దలోంచి, బండలకు మానికలోంచి తీసుకున్నాను. తూమెడు వెలుగుతో తీసినదాంట్లోంచి లోయకు కొద్దిగానే పోశాను. కింద నది ఉందని తెలియాలి, దాని రంగు మాత్రం వెంటనే దొరకకూడదు. కాసేపు చూస్తే చూపు అలవాటు పడి నీటి మెరుపు లీలగా తేలాలి, అచ్చం అంచున కూర్చున్నప్పటిలా.

ఇప్పుడా బొమ్మలో సగానికి పైగా చీకటే. చూసినవాళ్లు ముందు ఎర్రబండల దగ్గర ఆగుతారు, తర్వాత మెల్లగా కిందికి దిగుతారు. ‘ఎన్నింటికి తీశావు?’ అని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు.