గ్రహణపు మొఱ్ఱియు గర్భస్థ శిశువును

పెదవి చీలి పుట్టిన బిడ్డను తెలుగువారు గ్రహణపు మొఱ్ఱి యందురు. గ్రహణకాలమున గర్భిణి వెలుపలికి వచ్చెననియో, కత్తిపీట ముట్టెననియో తలంచి, ఆ లోపమునకు తల్లినే నిందించుట మన యిండ్లలో చిరకాలముగా నున్నది. గ్రహణమునకును పెదవి చీలుటకును సంబంధము లేదు. అయినను బాహ్యకారణములు కొన్ని గర్భస్థ శిశువును చెఱుపగలవనుట సత్యమే. అవి యెట్టివో, యెప్పుడు, ఎట్లు చెఱుచునో తెలిసికొనుట అవసరము.

మావి కోటగోడవలె శిశువును కాపాడునని పూర్వము వైద్యులు నమ్మెడివారు. 1941లో ఆస్ట్రేలియాలోని నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ ఈ నమ్మకమును సడలించెను. కంటి శుక్లములతో పుట్టిన పసిపిల్లలు పెక్కుమంది వచ్చుట గమనించి ఆయన విచారింపగా, వారి తల్లులలో చాలమందికి గర్భారంభమున రుబెల్లా సోకినట్లు తేలెను. తల్లికి స్వల్ప జ్వరముతో, దద్దురుతో పోవు ఆ వ్యాధి శిశువునకు అంధత్వమును, చెవుడును, హృదయదోషమును కలిగింపగలదు.

ఔషధములును ఇట్లే మావిని దాటునని థాలిడొమైడ్ ఉదంతము లోకమునకు చాటెను. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమందుగా వెలువడిన దీనిని వేవిళ్లకును వాడిరి. పిమ్మట కాలుసేతులు కుఱుచయైన శిశువులు పుట్టజొచ్చిరి. 1961లో జర్మనీలో విదుకింద్ లెంజ్, ఆస్ట్రేలియాలో విలియం మెక్‌బ్రైడ్ ఈ మందునే కారణముగా శంకించిరి. ఆ నవంబరులో జర్మనీలో దాని విక్రయము నిలిచెను. అప్పటికే పలు దేశములలో సుమారు 10,000 మంది శిశువులు దానికి గుఱియైరని యంచనా. అమెరికాలో ఔషధ పరిశీలకురాలు ఫ్రాన్సెస్ కెల్సీ, చూపిన ఆధారములు చాలవని అనుమతి నిరాకరించుటచే అచ్చట అది విక్రయమునకు రాలేదు.

ఈ హానికి కాలమే ముఖ్యము. గర్భము నిలిచిన పిమ్మట సుమారు 20వ దినము మొదలు 36వ దినము వఱకు ఆ మందు తీసికొన్నవారి శిశువులకే ప్రధానముగా ఇట్టి లోపములు కలిగెను. పిండమున చెవులు, చేతులు, కాళ్లు రూపొందనారంభించునది ఆ దినములలోనే. మూడవ వారమునుండి ఎనిమిదవ వారము వఱకు అవయవములు ఏర్పడు కాలము. అప్పుడు తగిలిన దెబ్బ నిర్మాణమునే మార్చును. తరువాత తగిలినది ఎదుగుదలను, మెదడును బాధింపవచ్చును. థాలిడొమైడ్ పనిచేయు విధము చాలకాలము తెలియలేదు. 2010లో జపాను శాస్త్రజ్ఞులు అది సెరెబ్లాన్ అను మాంసకృత్తును పట్టుకొనునని కనుగొనిరి. అందుచేత అవయవ నిర్మాణమునకు వలయు ఇతర మాంసకృత్తులు నశించునని పిదప తేలినది.

మద్యము, పాదరసము, కొన్ని మూర్ఛమందులు కూడ శిశువునకు హానికరములు. అయినను మూర్ఛరోగిణి భయపడి తనంతట మందు మానరాదు. మూర్ఛ తల్లికిని బిడ్డకును అపాయకరము. గర్భము నిలుపుకొనుటకు ముందే వైద్యుని సంప్రదించి తగిన మందునకు మాఱవలెను. వెన్నెముకకు, మెదడునకు మూలమైన నాడీనాళము 28వ దినమునకే మూసికొనును. చాలమంది స్త్రీలకు అప్పటికి గర్భమైనట్లే తెలియదు. కావుననే ఫోలిక్ ఆమ్లము దినమునకు 400 మైక్రోగ్రాములు గర్భమునకు ముందునుండియే తీసికొనుట మేలు.

రుబెల్లాకు టీకా కలదు. 2017 ఫిబ్రవరిలో తట్టు-రుబెల్లా టీకా ఉద్యమము మొదట ప్రారంభమైన ప్రాంతములలో కర్ణాటకము, తమిళనాడు, యానాము చేరియున్న పుదుచ్చేరి కలవు. ఆ ప్రాంతముల తెలుగు కుటుంబములు ఈ రక్షణను బాలికలకు తప్పక కల్పింపవలెను. గర్భిణికి టీకా వేయరాదు గనుక, అది ముందే జరుగవలెను.

పెదవి సాధారణముగా గర్భము యొక్క నాలుగవ, ఏడవ వారముల నడుమ కూడుకొనును. అది కూడకపోవుటకు వంశానుగత కారణములు, పొగాకు, కొన్ని ఔషధములు తోడ్పడవచ్చును. పెక్కుచోట్ల ఒక్క కారణము నిర్ణయించుట సాధ్యము కాదు. చీలిన పెదవిని శస్త్రచికిత్సచే సరిచేయవచ్చును. కావున తల్లి గ్రహణమునాడేమి చేసెనని యడుగుట మాని, బిడ్డను త్వరగా వైద్యునికడకు గొనిపోవుట బంధువుల ధర్మము.