ప్రతిభకు ప్రతిఫలం ఎందుకు దక్కదు? – క్రైస్తవ దృక్పథం, జాషువా జీవితం

చిలకలూరిపేట చుట్టుపక్కల మిరప పండించే వారికి ఒక సంగతి బాగా తెలుసు. దిగుబడి చేలో తేలుతుంది, ధర యార్డులో తేలుతుంది. కాయ ఎర్రగా, తాలు లేకుండా ఉన్నా, గుంటూరు యార్డుకు చేరిన రోజున రేటు పడిపోతే ఆ ఏడు అప్పే మిగులుతుంది. అంతమాత్రాన కాయ మంచిది కాదని ఎవరూ అనరు. మనిషి ప్రతిభ దగ్గరకు వచ్చేసరికి మాత్రం మనం ఈ తేడా మరచిపోతాం. గుర్తింపు రాలేదంటే ప్రతిభే లేదనుకుంటాం. విశ్వాసులలో కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి, దేవుడు ఆశీర్వదించలేదని కూడా అంటారు. ఈ రెండో మాటను బైబిలు ఒప్పుకుంటుందా అన్నది ఈ పాఠంలో పరిశీలిద్దాం.

పాత నిబంధనలోని ప్రసంగి గ్రంథం 9వ అధ్యాయంలో ఒక చిన్న కథ ఉంది. కొద్దిమంది జనం ఉన్న ఒక పట్టణాన్ని గొప్ప రాజు ముట్టడిస్తాడు. ఒక బీదవాడు తన తెలివితో దానిని కాపాడతాడు. తరువాత అతన్ని ఎవరూ తలచుకోరు. కారణం ఏమిటో గమనించండి. అతని జ్ఞానంలో లోపముందని గ్రంథకర్త అనడు. దేవుడు శిక్షించాడనీ అనడు. బీదవాడు కనుక అతని మాటను జనం చిన్నచూపు చూశారని మాత్రమే చెబుతాడు. మార్కు సువార్త 6వ అధ్యాయంలోనూ ఇదే పరిస్థితి. నజరేతువారు యేసు బోధకు ఆశ్చర్యపడుతూనే, ఇతడు మన ఊరి వడ్లవాడు కదా అని అభ్యంతరపడతారు. విద్య బాగుందని తెలిసి కూడా మనిషి పుట్టుక గురించి ఆరా తీయడం మన జిల్లాలకు కొత్తేమీ కాదు.

నేటి పల్నాడు జిల్లాలోనే, నరసరావుపేట దాటి వెళితే వచ్చే వినుకొండలో 1895 సెప్టెంబరు 28న గుర్రం జాషువా జన్మించారు. క్రైస్తవుడిగా పెరిగారు. తండ్రి యాదవ కులస్థుడు, తల్లి మాదిగ. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, తక్కువ కులంవాడిని సభలోకి ఎలా రానిచ్చారని కొందరు గొడవ చేశారు. పద్యంలో తప్పు ఎవరూ పట్టలేదు. మరోవైపు, హిందూ పురాణగాథలు రాస్తున్నాడని క్రైస్తవ సమాజంలోనూ కొందరు ఆయనను ఆక్షేపించారు. ఈ రెండో సంగతిని మన సంఘాలలో తక్కువగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి.

బతుకుతెరువు కూడా అలాగే సాగింది. మిషనరీ పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతం, అదీ పోయాక రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ, సంభాషణలు చదివే పని. తరువాత గుంటూరులో లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో కొలువు. గుడిలోకి ప్రవేశం లేని అస్పృశ్యుడు కాశీలోని శివుడికి గబ్బిలం చేత కబురు పంపే 'గబ్బిలం' కావ్యం 1941లో వచ్చింది. 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1964లో వచ్చింది. అప్పటికి ఆయనకు దాదాపు డెబ్బై ఏళ్లు. పద్మభూషణ్ 1970లో వస్తే, 1971 జులై 24న కన్నుమూశారు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి వంటి మహాపండితుడు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు కనుక, ఆదరణే లేదనలేం. ఆలస్యమైంది, ఆ ఆలస్యానికి కులం ఒక పెద్ద కారణం.

అన్ని ఆలస్యాలకూ వివక్షే కారణం కాదు. క్రైస్తవ సన్యాసి గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కలపై చేసిన పరిశోధనను 1866లో ప్రచురించారు. దాని విలువ శాస్త్రలోకానికి తెలిసింది 1900లో. ఆయన 1884లోనే మరణించారు. ఇక్కడ అడ్డుపడింది పుట్టుక కాదు, ఆ పనిని అందుకోగల పాఠకులు అప్పటికి తయారుకాకపోవడం. ఇప్పుడు మన పత్తి చేలలో వేసే హైబ్రిడ్ విత్తనాల వెనుక ఆయన కనుగొన్న సూత్రాలే ఉన్నాయి.

మరి క్రైస్తవ విశ్వాసం దీనికి ఏం జవాబిస్తుంది? మత్తయి 25లోని తలాంతుల ఉపమానం మీరు వినే ఉంటారు. తలాంతు అంటే మొదట ఒక తూకం, ఆ తూకం వెండి విలువ. తెలుగు సంఘాలలో ఇప్పుడు సామర్థ్యానికే ఆ పేరు. ఉపమానంలో సొమ్ము యజమానిది. లెక్క అడిగేదీ, మెచ్చుకునేదీ అతడే, అదీ చాలాకాలం గడిచాక తిరిగివచ్చి. అంటే ఇచ్చేది దేవుడు, చివరి లెక్క చూసేదీ దేవుడు. నడుమ జరిగే బేరం మాత్రం మనుషులది. ప్రతిఫలం రాకపోవడాన్ని దేవుని తీర్పుగా చదవడం పొరపాటని చెప్పడానికి ఇదే ఆధారం.

ఈ ఓదార్పులో ఒక ప్రమాదం కూడా ఉంది. పరలోకంలో దక్కుతుందిలే అన్న మాట, ఇక్కడ ఇవ్వవలసినవారికి సాకుగా మారవచ్చు. యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఆ సాకును ఒప్పుకోదు. చేను కోసిన కూలీలకు బిగబట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని అది ధనికులను హెచ్చరిస్తుంది. మిరప కోతలకు తెల్లవారకముందే ఆటోలలో బయలుదేరే వారి కూలి గురించి ఎంత నిజమో, సభలో అడ్డగించిన కవి గురించీ అంతే నిజం. 'గబ్బిలం' చదివేటప్పుడు ప్రసంగి 9, యాకోబు 5 అధ్యాయాలను పక్కన పెట్టుకోండి. పట్టణాన్ని కాపాడిన ఆ బీదవాడి పేరు ప్రసంగి గ్రంథంలో ఎక్కడైనా ఉందేమో కూడా చూడండి.