ఆట మధ్యలో కంప్యూటర్ రీస్టార్ట్.. ఫార్మాట్‌కు ముందు కరెంటు చూడాలి

* విడిభాగాలు మార్చేముందు వరుసగా పరీక్షలు అవసరం
* తొందరపడితే డబ్బుతోపాటు చదువుల ఫైళ్లకూ నష్టం

నరసరావుపేట: ఆట రసవత్తరంగా సాగుతుంటుంది. ఒక్కసారిగా తెరపై చీకటి అలముకుంటుంది. ఎలాంటి హెచ్చరికా కనిపించదు. క్షణాల్లో మదర్‌బోర్డు కంపెనీ గుర్తు ప్రత్యక్షమై కంప్యూటర్ మళ్లీ మొదటి నుంచి ప్రారంభమవుతుంది. పాటలు విన్నా, సినిమా చూసినా, టైపు చేసినా గంటల తరబడి నిక్షేపంగా పనిచేసే యంత్రం ఆట తెరిచిన కొద్దిసేపటికే ఇలా మొరాయించడం యువతను కలవరపెడుతోంది. వైరస్ సోకిందని కొందరు, ఆట సరిగా ఇన్‌స్టాల్ కాలేదని మరికొందరు భావించి హార్డ్‌డిస్కును ఫార్మాట్ చేయిస్తుంటారు. రెండు రోజుల తర్వాత అదే సమస్య తిరిగి వస్తుంది.

పల్లెల్లో, చిన్న పట్టణాల్లో సాధారణంగా ఇంటికి ఒకే కంప్యూటర్ ఉంటుంది. రాత్రి ఆటకు వాడే యంత్రమే పగలు ఇంజినీరింగ్ విద్యార్థి ప్రాజెక్టుకు, తోబుట్టువుల ఉద్యోగ దరఖాస్తులకు ఆధారం. తొందరపాటు ఫార్మాట్ వల్ల సమస్య తీరకపోగా ఏడాది శ్రమ తుడిచిపెట్టుకుపోయే ప్రమాదముంది. అందువల్ల ఏ పరీక్షకైనా ముందు ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోనో, మరో డిస్కులోనో భద్రపరచుకోవాలి.

ఆటలోనే ఎందుకు?

సాధారణ పనుల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తమ శక్తిలో కొద్దిపాటి మాత్రమే వినియోగిస్తాయి. ఆట మొదలవగానే రెండూ ఒకేసారి పూర్తి బరువు ఎత్తుకుంటాయి. ఉదాహరణకు ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 170 వాట్ల వరకు తీసుకుంటుంది. దృశ్యం మారినప్పుడు వాడకం క్షణంలో వెయ్యో వంతు పాటు ఇంకా పైకి ఎగబాకుతుంది. ఆ క్షణంలో విద్యుత్తు సరఫరా తడబడితే మదర్‌బోర్డు వెంటనే యంత్రాన్ని మళ్లీ ప్రారంభిస్తుంది. బావిలో నీరున్నా మోటారు లాగలేకపోతే చేనుకు నీరందనట్లే, ఇంటికి కరెంటు వస్తున్నా ఎస్ఎంపీఎస్ మోయలేకపోతే ఆట నిలవదు.

లక్షణమే తొలి ఆధారం

యంత్రం ఆగే తీరును గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది. ఏ సందేశమూ లేకుండా ఠక్కున రీస్టార్ట్ అయితే విద్యుత్తును మొదట అనుమానించాలి. పూర్తిగా ఆగిపోయి, కొంతసేపు చల్లబడ్డాక గానీ నిలకడగా పనిచేయకపోతే వేడిమి కారణం కావచ్చు. నీలి తెరపై సందేశం కనిపిస్తే డ్రైవర్లు, ర్యామ్ వైపు దృష్టి సారించాలి. విండోస్ 11 కొత్త రూపాల్లో ఈ తెర నలుపు రంగులో వస్తుంది.

ఈ సందేశం చదివేలోగా మాయమవుతుంటే ఒక చిన్న మార్పు చేసుకోవచ్చు. స్టార్ట్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్' వెతికి తెరిచి, 'స్టార్టప్ అండ్ రికవరీ' విభాగంలో 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' ఎదుట ఉన్న టిక్కును తొలగించాలి. ఆపై సందేశం తెరపైనే నిలిచి ఉంటుంది. టిక్కు తీసినా యంత్రం నేరుగా రీస్టార్ట్ అవుతుంటే విద్యుత్తుపై అనుమానం బలపడుతుంది.

'ఈవెంట్ వ్యూయర్'లో కనిపించే 'కెర్నల్-పవర్ 41' నమోదును చూపి విండోస్ పాడైందని నిర్ధారించడం సరికాదు. కంప్యూటర్ సక్రమంగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే ఆ నమోదు తెలుపుతుంది. దాని వివరాల్లో 'బగ్‌చెక్ కోడ్' సున్నాగా ఉంటే విండోస్‌కు లోపాన్ని రాసుకునే వ్యవధి కూడా దక్కలేదని అర్థం. అక్కడ మరో అంకె ఉంటే ఆ అంకె ఆధారంగా కారణం వెతకవచ్చు.

గోడ ప్లగ్గు నుంచి మొదలు

మన ఇళ్లకు 230 వోల్టుల సరఫరా రావాలి. సాయంత్రం వేళ ఏసీలు, మోటార్లు ఒకేసారి నడిస్తే వోల్టేజీ పడిపోవడం గ్రామాల్లో కొత్త కాదు. ఫ్రిజ్ లేదా మోటారు ఆన్ అయిన క్షణంలోనే కంప్యూటర్ ఆగుతోందా అన్నది గమనించాలి. వదులైన ప్లగ్గు, కాలిన సాకెట్టు, అనేక పరికరాలు తగిలించిన ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా ఇదే ఇబ్బంది తెస్తాయి. కంప్యూటర్‌ను మూడు పిన్నుల సాకెట్టుకు నేరుగా తగిలించి చూడాలి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి. కేబినెట్ తాకితే జివ్వుమంటుంటే ఈ పనిని వాయిదా వేయరాదు.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో మరో చిక్కు ఉంది. కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారడానికి ఇన్వర్టర్ కొంత వ్యవధి తీసుకుంటుంది. ఆ విరామాన్ని ఎస్ఎంపీఎస్ తనలోని కెపాసిటర్లలో నిల్వ ఉన్న శక్తితో నెట్టుకొస్తుంది. ఈ నిల్వ సెకనులో వందో వంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే సరిపోతుంది. టైపు చేస్తున్నప్పుడు వాడకం తక్కువ కనుక యంత్రం నిలుస్తుంది. ఆట ఆడుతున్నప్పుడు నిల్వ త్వరగా హరించుకుపోయి రీస్టార్ట్ అవుతుంది. చాలా ఇన్వర్టర్ల వెనుక 'యూపీఎస్ మోడ్' మీట ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే మార్పిడి వేగం పెరుగుతుంది.

యూపీఎస్ సామర్థ్యమూ చూడాలి. 600 వీఏ అని రాసి ఉన్న యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్ల మేరకే మోయగలవు. మానిటర్‌తో కలిపి ఆటల కంప్యూటర్ అంతకుమించి కోరితే కరెంటు పోగానే యూపీఎస్ చేతులెత్తేస్తుంది. బ్యాటరీ పాతబడినా అదే ఫలితం. యూపీఎస్‌ను తప్పించి నేరుగా సాకెట్టు నుంచి నడిపి చూస్తే దోషం యూపీఎస్‌దో కాదో తేలుతుంది.

ఎస్ఎంపీఎస్ చీటీ చదవాలి

కేబినెట్‌తోపాటు వచ్చే చవక ఎస్ఎంపీఎస్‌పై 450 వాట్లని ముద్రించి ఉన్నా సంతృప్తి పడరాదు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా 12 వోల్టుల తీగపైనే ఆధారపడతాయి. చీటీపై ఆ తీగ ఎదుట ఉన్న ఆంపియర్లను 12తో గుణిస్తే అసలు బలం తెలుస్తుంది. 18 ఆంపియర్లు ఉంటే అది 216 వాట్లే. 170 వాట్ల కార్డుకు 65 వాట్ల ప్రాసెసర్ తోడైతే లెక్క 235కు చేరి పరిమితి దాటిపోతుంది. ఆర్‌టీఎక్స్ 3060కి 550 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలని తయారీ సంస్థ ఎన్‌విడియా సూచించింది కూడా ఇందుకే. '80 ప్లస్' ముద్ర విద్యుత్తును ఎంత తక్కువ వృథాతో మారుస్తుందో చెబుతుంది తప్ప ఎంత బరువు మోస్తుందో చెప్పదు.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ఆట సెట్టింగులలో ఫ్రేముల సంఖ్యను 30కి గానీ 60కి గానీ పరిమితం చేసి, దృశ్య నాణ్యత తగ్గించి ఆడి చూడాలి. రీస్టార్టులు ఆగిపోతే భారం పెరిగినప్పుడే లోపం బయటపడుతోందని తేలుతుంది. వేడిమి కూడా అదుపులో ఉంటే ఎస్ఎంపీఎస్‌ను మార్చి చూడాల్సిందే. మిత్రుడి వద్ద తగిన సామర్థ్యమున్న ఎస్ఎంపీఎస్ ఉంటే, తెలిసినవారి చేత బిగించి పరీక్షించాక కొత్తది కొనుగోలు చేయడం మేలు. మార్చేటప్పుడు దానితో వచ్చిన తీగలనే వాడాలి. ఒక కంపెనీ ఎస్ఎంపీఎస్ తీగలను మరో దానికి తగిలిస్తే పిన్నుల అమరిక వేరై విడిభాగాలు కాలిపోవచ్చు.

వేసవి, దుమ్ము

రెంటచింతల వంటి చోట్ల మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటిన సందర్భాలున్నాయి. గదిలోని గాలే వేడిగా ఉన్నప్పుడు అదే గాలితో ప్రాసెసర్‌ను చల్లబరచడం కష్టం. హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆట సాగుతున్నప్పుడు ఉష్ణోగ్రతలు చూడవచ్చు. ప్రాసెసర్ తరచూ 95 నుంచి 100 డిగ్రీలకు చేరుతుంటే జాగ్రత్త పడాలి. హద్దు దాటకుండా అది ముందు వేగం తగ్గించుకుంటుంది. అయినా వేడి తగ్గకపోతే యంత్రం ఆగిపోతుంది.

కేబినెట్‌ను గోడకు ఆనించి పెట్టరాదు. ప్లగ్గు తీసేసి, ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో దుమ్ము తొలగించాలి. ఎండిపోయిన థర్మల్ పేస్టును మార్పించాలి. ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతక విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

అప్పటికీ తీరకపోతే

విద్యుత్తు, వేడిమి సక్రమంగా ఉన్నాయని తేలాకే మిగిలిన వాటి వంతు. ఓవర్‌క్లాకింగ్ చేసి ఉంటే రద్దు చేయాలి. బయోస్‌లో ర్యామ్ వేగం పెంచే 'ఎక్స్ఎంపీ' అమరికను ఆపి చూడాలి. 'విండోస్ మెమరీ డయాగ్నస్టిక్' నడిపి, రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కటిగా పరీక్షించాలి. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తయారీదారు నుంచే తీసుకుని తిరిగి ఇన్‌స్టాల్ చేయాలి.

లోపం ప్రాసెసర్‌లోనే ఉన్న సందర్భాలూ లేకపోలేదు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని ఆటల మధ్యలో ఆగిపోతున్నాయన్న ఫిర్యాదులు వెల్లువెత్తగా, అవసరానికి మించిన వోల్టేజీ అందడం ఇందుకు కారణమని ఆ సంస్థ 2024లో ప్రకటించింది. అదే ఏడాది దిద్దుబాటు మైక్రోకోడ్‌ను విడుదల చేసి, ఆయా ప్రాసెసర్లకు వారంటీని మరో 2 ఏళ్లు పొడిగించింది. ఈ తరాల ప్రాసెసర్లు ఉన్నవారు బయోస్‌ను తాజాపరచుకోవాలి. అయితే అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను ఈ దిద్దుబాటు బాగుచేయలేదు. అలాంటప్పుడు బిల్లు చూపి వారంటీ కోరాలి. బయోస్ మార్పు జరుగుతుండగా కరెంటు పోతే మదర్‌బోర్డు పనికిరాకుండా పోవచ్చు. పనిచేసే యూపీఎస్ ఉన్నప్పుడే ఆ పని చేపట్టాలి.

దుకాణానికి వెళ్లేటప్పుడు ఏ ఆటలో, ఎంతసేపటికి, ఎంత ఉష్ణోగ్రత వద్ద ఆగుతోందో కాగితంపై రాసుకుని వెళ్లడం ఉత్తమం. చేసిన పరీక్షలు, వాటి ఫలితాలు కూడా అందులో ఉండాలి. లోపం బయటపడేది భారం పడినప్పుడే గనుక దుకాణంలో విండోస్ తెరిచి చూపిస్తే బాగైనట్లు కాదు. అరగంట పాటు ఆట నడిపించి, ఆగకుండా పనిచేసిందని నిర్ధారించుకున్నాకే డబ్బు చెల్లించాలి.