పుష్యమాసంలో ఫ్యాను

ఇంటిల్లిపాదీ రగ్గులు ముసుగుతన్ని పడుకున్న పుష్యమాసం రాత్రి, నేను ఫ్యాను అయిదులో పెట్టుకుని కింద కూర్చున్నాను. ‘‘ఈ చలిలో ఫ్యానేంటే, ఒంట్లో బాగుందా?’’ అన్నారు మావారు. పొద్దున్నే వాకింగ్‌లో ఈ సంగతి చెబితే పక్కింటావిడ గొంతు తగ్గించి, ‘‘నేనైతే ఫ్రిజ్ తలుపు తీసి నిలబడతాను వదినా, కొత్తిమీర వెతుకుతున్నట్టు’’ అంది. నలుగురం పడీపడీ నవ్వాం. నలుగురిదీ ఒకటే అవస్థ అని ఆ నవ్వులోనే బయటపడింది. తలో అపోహా ఉందని కూడా.

అపోహ: యాభై దాటాకే మెనోపాజ్.
మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే వచ్చేస్తోంది. వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతేనే వచ్చినట్టు లెక్క. ఆలోపు గర్భం రాదన్న భరోసా ఏమీ లేదు. మన తెలుగువాళ్లకి ఇంకో చిక్కుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల వాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురుంటే, ఆంధ్రా, తెలంగాణల్లో ఎనిమిది మందికి పైనే. అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ ఆ రోజు నుంచే మొదలు. అవి ఉంచితే వెంటనే రాదు. కానీ నెలసరి లేదు కనక ఎప్పుడొచ్చిందో లెక్క అందదు. మా నలుగురిలో ఒకామెది ఇదే కథ. రాత్రుళ్లు పట్టే చెమటల్ని మూడేళ్లు బీపీ ఖాతాలో వేసుకుంది.

అపోహ: నవ్వితే మెనోపాజ్‌లో వచ్చే వేడి ఆవిర్లు తగ్గిపోతాయి.
ముంబయి పార్కులో డాక్టర్ మదన్ కటారియా 1995లో అయిదుగురితో మొదలుపెట్టిన నవ్వుల క్లబ్బులంటే నాకూ ఇష్టమే. కానీ ఆవిర్ల సంగతి వేరు. ఈస్ట్రోజన్ తగ్గితే ఒంటి వేడిని చూసుకునే మెదడు భాగం కాస్త వెచ్చదనానికే కంగారుపడి చెమటలు పట్టిస్తుంది. దాన్ని నవ్వించి ఒప్పించలేం. బాగా ఇబ్బంది పెడితే హార్మోన్ మందులున్నాయి. ‘హార్మోన్లంటే క్యాన్సరే’ అన్న భయం 2002లో ఆపేసిన అమెరికా పరిశోధన నాటిది. అందులో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63. అరవై లోపు, మెనోపాజ్ వచ్చి పదేళ్లు దాటని ఆరోగ్యవంతులకి సాధారణంగా మేలే ఎక్కువని ఇప్పటి వైద్యుల మాట. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి మాత్రం ఇవి పనికిరావు.

అపోహ: నవ్వితే మూత్రం పడిపోవడం వయసుతో వచ్చేదే, భరించాలి.
మాలో ఒకావిడ జోకు మొదలెట్టగానే, ‘‘ఆగవే, కాళ్లు మెలేసుకోనీ, అప్పుడు చెప్పు’’ అంటుంది. అది కూడా జోకే అనుకున్నాం చాలా రోజులు. ఆమె పెళ్లిళ్లకి వెళ్లడం మానేసిందని తర్వాత తెలిసింది. కాన్పులు, బరువు, తగ్గని దగ్గు, వీటన్నిటితో మూత్రసంచిని కింద నుంచి మోసే కండరాలు వదులవుతాయి. వాటిని మళ్లీ బిగించొచ్చు. మూత్రం ఆపుకుంటున్నట్టు బిగించి వదలాలి. పూటకి ఎనిమిదిసార్లు, రోజుకి మూడు పూటలు, కనీసం మూడు నెలలు. బాత్రూంలో కాదు, పులుసు కలుపుతూనో బస్సులో కూర్చునో చేయొచ్చు, ఎవరికీ తెలియదు. తగ్గకపోతే డాక్టరుంది. సిగ్గుపడి నవ్వు మానుకోవడం మాత్రం వైద్యం కాదు.

అపోహ: నెలసరి ఆగిపోయాక మళ్లీ కనిపిస్తే ‘వయసు తిరిగొచ్చినట్టు’.
ఇక్కడ నవ్వు ఆపేయాలి. ఏడాది పాటు ఆగిపోయాక ఒక్క చుక్క కనిపించినా డాక్టరుకి చూపించుకోవాల్సిందే. చాలాసార్లు చిన్న కారణమే తేలుతుంది. కొన్నిసార్లు అది గర్భసంచి క్యాన్సర్‌కి తొలి గుర్తు.

ఫ్రిజ్ వదిన తనకి అలా కనిపించిందన్న మాట మాకు పది రోజులు ఆలస్యంగా చెప్పింది. ఆ మధ్యాహ్నమే ముగ్గురం వెంటబడి తీసుకెళ్లాం. స్కాన్ గదిలోంచి బయటికొచ్చి, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, ‘‘లోపల ఏసీ భలే ఉంది వదినా, ఇంకో స్కాన్ ఏమన్నా ఉందేమో కనుక్కో’’ అంది.