పాత పడవ, కొత్త జిగురు

కృష్ణ, తుంగభద్ర నదులపై తిరిగే పుట్టిని ఎప్పుడైనా చూచితిరా? వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రని బుట్ట అది. పూర్వము దానికి తోలు చుట్టెడివారు. తరువాత తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టా వచ్చినవి. ఇప్పుడు ఫైబర్ పుట్టీలు తిరుగుచున్నవి. ఆకారము మాత్రము మారలేదు. అడుగు చదునుగా ఉండుట వలన లోతు లేని నీటిలోను, రాళ్ల నడుమను అది తేలికగా సాగిపోవును.

దూరదేశమైన స్కాట్లాండ్‌లో ఇటువంటి మార్పును విద్యార్థులు, ఊరివారు తమ చేతులతోనే చేయుచున్నారు. ఆన్‌స్ట్రథర్ అను రేవు ఊరిలో చేపల వృత్తికి సంబంధించిన మ్యూజియము కలదు. ఆ మ్యూజియమువారు ఇయన్ ఔట్రెడ్ అను నిపుణుని చేత ఒక పడవ నమూనా గీయించిరి. 2009లో మొదటి పడవ తయారైనది. ఫెయిర్ ఐల్ దీవి జాలరుల పాత పడవ దీనికి మూలము. పొడవు 22 అడుగులు. నలుగురు తెడ్లు వేయుదురు, ఒకరు చుక్కాని పట్టుదురు. యంత్రముతో కోసిన ప్లైవుడ్ పలకలు కిట్‌గా దొరకును. తీరములోని ఊళ్లవారు వాటిని కొని, షెడ్లలో తామే అతికించుకొందురు. కొన్ని చోట్ల బడి పిల్లలే కట్టిరి. 2013లో ఉల్లాపూల్‌లో వీటికి ప్రపంచ పోటీలు కూడ జరిగినవి.

పాత పద్ధతిలో ఇంటి పెంకుల వలె ఒక పలక అంచు మీద మరొక పలక ఎక్కించి, రాగి మేకులతో బిగించెడివారు. కలప నీటిలో ఉబ్బి సందులు మూసుకొనును. ఎండలో ఎండినచో మరల కారును. ప్లైవుడ్ అంతగా ఉబ్బదు గనుక ఎపాక్సీ జిగురుతో అతుకుదురు. రెసిన్, హార్డెనర్ పాళ్లు తప్పినచో జిగురు గట్టిపడదు. ఒకేసారి ఎక్కువ కలిపి ఉంచితే గిన్నెలోనే వేడెక్కి రాయి అగును. చేతులకు తొడుగులు లేకుంటే దద్దుర్లు! ఎంత తొందరపాటు గల పిల్లవాడైనను అక్కడ నిదానము నేర్చుకొనును. సండేస్కూలు పిల్లలను ఎరిగినవారమై ఈ మాట అనుచున్నాము.

ప్లైవుడ్ వాడితే అది సంప్రదాయమెట్లగునని ఎవరైనా అడుగవచ్చును. షెట్లాండ్ దీవులలో చెట్లు అరుదు. పూర్వము అక్కడివారు నార్వే నుండి పడవలను విడిభాగములుగానే తెప్పించుకొనెడివారు. 1986లో కరవు వలన గలిలయ సముద్రము తగ్గి, బురదలో 27 అడుగుల పాత పడవ బయటపడినది. అది మొదటి శతాబ్ద కాలపుదని పండితులు తేల్చిరి. ప్రభువు ఎక్కినది అదేనని చెప్పుటకు ఆధారము లేదు. అయితే అందులో పన్నెండు రకముల కలప ఉన్నది! దొరికిన చెక్కతో అతుకులు వేసికొనుచు బ్రదుకు ఈడ్చిన జాలరిదే ఆ పడవ. నోవహు ఓడకు మాత్రము కీలు పూయలేదా?

బోథ్‌లో కూర్చుండి ఇది వ్రాయుటకు కారణమున్నది. తెలంగాణ చెరువులలో చేపలు పట్టువారు అనేకులు థర్మోకోల్ తెప్పలపైనే పోవుదురు. గట్టి దెబ్బ తగిలితే థర్మోకోల్ విరుగును. ఆ తెప్ప మీద ఉన్నది ఒక ఇంటి యజమాని. మన యౌవనస్థుల వేసవి శిబిరములలో పాటలు, వాక్య పోటీలు ఉన్నవి, చేతిపని లేదు. అది లోటని మా అభిప్రాయము. చెరువుకు సరిపడు ఒక పుట్టి కట్టుట వారికి మించిన పని కాదు. అల్లిక మేదరి పెద్దల వద్ద నేర్వవచ్చును. ఫైబర్ పూతకు ఆ పని తెలిసిన మేస్త్రీని పిలువవచ్చును. మొదట మోకాలి లోతు నీటిలో ఇసుక బస్తాలు పెట్టి చూడవలెను. పొంగిన కడెం వాగులోనికి ఎన్నడును దించరాదు. లైఫ్ జాకెట్లు మాత్రము సంఘపు సొమ్ముతో కొనవలసినవే.